20 ఎంబీ సీగేట్ ఎస్‌టీ-225: ఏడేళ్లు వాడాక

మా రైస్ మిల్లు లెక్కల కోసం 1988లో కొన్న ఎక్స్‌టీ కంప్యూటర్‌లో ఈ హార్డ్ డిస్క్ ఉండేది. 1995 దాకా వాడాం. అంతకుముందు మాకు 360 కేబీ ఫ్లాపీలే దిక్కు. బిల్లు కోసం లారీ డ్రైవర్ గుమ్మంలో నిలబడి ఉంటే, నేను రైతుల ఖాతాలున్న ఫ్లాపీ వెతుక్కునేవాణ్ణి. ఈ డిస్క్‌లో దాదాపు 58 ఫ్లాపీల సరుకు పడుతుంది. మొదటి సీజన్ లెక్కలన్నీ ఒకేచోట చూసి నాన్న నోట మాట రాలేదు.

1956లో వచ్చిన మొదటి హార్డ్ డిస్క్ యంత్రం ఐబీఎం రామాక్‌లో 24 అంగుళాల ప్లాటర్లు (డేటా రాసే గుండ్రటి పళ్లేలు) 50 పేరిస్తే పట్టింది 50 లక్షల అక్షరాలు. 1980లో సీగేట్ 5 ఎంబీని ఐదుంపావు అంగుళాల ఎస్‌టీ-506లో పెట్టింది. మా 225 ఎత్తు అందులో సగమే, ప్లాటర్లు రెండు, పట్టేది నాలుగింతలు.

వేగం మాత్రం నేను తేల్చుకోవాల్సి వచ్చింది. ప్లాటర్ మీద ఒక్కో వలయం ఒక ట్రాక్, దాన్ని కోసిన ముక్కలు సెక్టార్లు. బిగించినవాళ్లు ఇంటర్‌లీవ్ 6 పెట్టి ఇచ్చారు, అంటే వరస సెక్టార్లు ఆరేసి స్థానాల ఎడంలో ఉంటాయి. అందుకే ఒక ట్రాక్‌లోని 17 సెక్టార్లు వరసగా చదవడానికి డిస్క్ ఆరు చుట్లు తిరగాలి. నిమిషానికి 3600 చుట్లు కాబట్టి ఎనిమిదిన్నర కేబీకి సెకనులో పదో వంతు. డిస్క్‌ని నడిపే కార్డు, అంటే కంట్రోలర్, అందుకోలేనంత తక్కువ పెడితే ఇంకా నష్టం, ప్రతి సెక్టారుకీ పూర్తి చుట్టు ఆగాలి. బ్యాకప్ తీసి, డీబగ్ అనే ప్రోగ్రామ్‌తో లో-లెవెల్ ఫార్మాట్ చేసి (ట్రాకుల్లో సెక్టార్లని మళ్లీ మొదటినుంచి రాయించి) 3 పెట్టాను. చదివే సమయం సగానికి తగ్గింది. ఆ పని చేసేటప్పుడు డ్రైవ్ మీద అంటించిన లేబుల్ చూసి చెడ్డ ట్రాకుల నంబర్లు మనమే కొట్టాలి. మాదాంట్లో నాలుగు.

కరెంటు పోతే దీని హెడ్‌లు (డేటా చదివి రాసే మొనలు) ఎక్కడున్నవి అక్కడే ప్లాటర్ మీద వాలిపోతాయి. అందుకే ఆపేముందు వాటిని డేటా లేని చోటికి జరిపే పార్క్ కమాండ్ ఇవ్వడం మాకు గల్లాపెట్టెకి తాళం వేసినంత అలవాటైంది. ఒక్కసారి, మిల్లుకి వెల్లవేసే హడావిడిలో, అది మర్చిపోయి కేబినెట్ పక్కకి జరిపాం. ఆ వారమంతా టెన్షనే. ఒక ట్రాక్ పోయింది, అదృష్టం కొద్దీ అది ఖాళీగా ఉన్న చోటు.

ఇప్పటికీ ఎవరింట్లోనైనా ఇది ఉంటే పార్క్ చేయకుండా కదపకండి. 1995లో కొత్త కంప్యూటర్‌కి లెక్కలు ఎక్కించేటప్పుడు చివరిసారి తనిఖీ చేశాను. లేబుల్ మీదున్న నాలుగు, వెల్లవేసిన రోజు పోయిన ఒకటి. ఇంకేమీ పోలేదు.