పడక పక్కనే లేబుల్ ముద్రించే బార్‌కోడ్ పరికరం: ల్యాబ్ వైపు నుంచి సమీక్ష

ఆసుపత్రి ల్యాబ్‌కు వచ్చే నమూనాల నాణ్యత చూడడం నా బాధ్యత. వార్డుల్లో రక్తం తీసే సిబ్బంది చేతికి ఇచ్చిన ఈ పరికరాన్ని నేను ప్రధానంగా ఒకే ప్రశ్నతో పరిశీలించాను: ఒకరి రక్తం మరొకరి పేరుతో ల్యాబ్‌కు చేరకుండా ఇది ఎంతవరకు ఆపగలదు?

పనితీరు సులభంగానే ఉంది. రోగి మణికట్టు బ్యాండ్‌ను స్కాన్ చేయగానే, ఆ రోగికి డాక్టరు రాసిన పరీక్షలూ వాటికి కావలసిన ట్యూబులూ తెరమీద కనిపిస్తాయి. నడుముకు తగిలించుకునే చిన్న ప్రింటర్ నుంచి ఆ రోగి లేబుళ్లు మాత్రమే, అవసరమైనన్నే వస్తాయి. దీనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఇదే. నర్సుల గదిలో వార్డు మొత్తానికి ఒకేసారి లేబుళ్లు ముద్రించి, ఖాళీ ట్యూబులకు ముందుగానే అంటించి, ట్రేలో పెట్టుకుని బయలుదేరే పద్ధతిలో, పక్క పడక రోగి ట్యూబు చేతికి రావడానికి ఒక్క క్షణం పరధ్యానం చాలు. ఇక్కడ బ్యాండ్ స్కాన్ అయ్యేవరకు అసలు లేబులే ఉండదు. రక్తం తీశాక, రోగి ఎదుటే లేబుల్ అంటించి, ట్యూబునూ బ్యాండునూ మళ్లీ స్కాన్ చేయమని పరికరం అడుగుతుంది. ఈ రెండో స్కాన్‌ను సెట్టింగుల్లో నిలిపివేసే వీలుంది కానీ, పని తొందర ఎంత ఉన్నా దానిని ఆపకూడదని నా గట్టి అభిప్రాయం.

దీనికి కారణం ల్యాబ్‌లో పనిచేసేవారికి బాగా తెలుసు. గడ్డకట్టిన రక్తాన్ని, కణాలు చితికిన నమూనాను, చాలని పరిమాణాన్ని మేము గుర్తించి వెనక్కి పంపగలం. లేబుల్ సవ్యంగా ఉండి లోపలి రక్తం మాత్రం వేరొకరిదైతే, ఏ యంత్రమూ దానిని నేరుగా చెప్పలేదు. పాత ఫలితాలతో పోల్చి చూసే డెల్టా చెక్ కొంత సాయపడుతుంది. ఎర్ర రక్తకణాల సగటు పరిమాణం మామూలుగా కొద్ది రోజుల్లో పెద్దగా మారదు కనుక, అది ఉన్నట్టుండి మారితే అనుమానించవచ్చు. అయితే మొదటిసారి వచ్చిన రోగికి ఆ రక్షణ ఉండదు. రక్త గ్రూపు విషయంలో ఇలాంటి పొరపాటు ప్రాణమే తీయగలదు. అందుకే, తొలిసారి గ్రూపు చూసిన రోగికి రక్తం ఎక్కించే ముందు వేరుగా తీసిన రెండో నమూనాతో గ్రూపును సరిచూసే నియమాన్ని ఈ పరికరం వచ్చిందని ఎవరూ సడలించకూడదు.

ఇక దీని అసలు పరిమితికి వస్తే, ఇది సరిచూసేది బ్యాండునే గాని మనిషిని కాదు. చేరిక సమయంలోనే బ్యాండ్ తారుమారైతే, ఆ తప్పు చక్కటి బార్‌కోడ్‌తో చివరివరకు ప్రయాణిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన సూచనల ప్రకారం కనీసం రెండు గుర్తింపులు చూడాలి, వాటిలో గది సంఖ్య ఉండకూడదు. తెరమీద పేరు, పుట్టిన తేదీ పెద్ద అక్షరాలతో చూపడం బాగుంది. కానీ కింద ఉన్న ‘నిర్ధారించాను’ అనే మీటను ఏమీ అడగకుండానే నొక్కవచ్చు. “మీరు ఫలానా గారేనా?” అంటే నిద్రమత్తులో ఉన్నవారో, సరిగా వినపడనివారో తల ఊపేస్తారు, “మీ పూర్తి పేరు, పుట్టిన తేదీ చెప్పండి” అని అడిగేలా తెరమీదే సూచన ఉండవలసింది. కవల శిశువుల విషయంలో తల్లి పేరు, పుట్టిన క్రమం చిన్న అక్షరాల్లో పడడం నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

చదునుగా లేని చిన్న బ్యాండ్లపై కూడా చతురస్రాకారపు కోడ్ త్వరగా చదవబడుతోంది. పొడవాటి గీతల కోడ్ పిల్లల మణికట్టుపై తరచు విఫలమైంది. వేడితో ముద్రించే లేబుళ్లపై శానిటైజర్ పడితే అక్షరాలు మాసిపోతున్నాయి. బ్యాండ్ లేని బయటి రోగులకు ఈ పరికరం ఇచ్చే భరోసా తక్కువే, ఎందుకంటే చేతిలోని చీటీ ఎవరిదైనా కావచ్చు.

ఈ లోపాలతో సహా దీనిని నేను సిఫార్సు చేస్తాను. కొనేవారు మాత్రం స్కాన్‌ను దాటవేసిన సందర్భాల నివేదికను ముందే చూపించమని సరఫరాదారును అడగాలి. బ్యాండ్ కోడ్ నకలును కేసు షీటుకు అంటించుకుని, రోగి దగ్గరకు వెళ్లకుండానే స్కాన్ చేసే అలవాటు ఎక్కడైనా మొదలైతే, లేబుల్ ముద్రణకూ ట్యూబు స్కాన్‌కూ మధ్య గడిచిన సమయం చూసి దానిని పసిగట్టవచ్చు. మేము తెప్పించుకున్న పరికరంలో ఆ నివేదిక మొదట లేదు. పట్టుబట్టి అడిగాకే చేర్చారు.