మూడో శనివారం చూసుకుని టోక్యో వెళ్లండి: బుల్లి కార్ల కోసం ఒక యాత్ర

టోక్యోకి టికెట్ కొనేముందు చాలామంది చెర్రీ పూలు ఎప్పుడు పూస్తాయో చూస్తారు. చిన్న మోడల్ కార్లు పోగేసే పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం ఆ నెలలో మూడో శనివారం ఏ తేదీన పడిందో చూసుకోవాలి. జపాన్ బొమ్మల కంపెనీ టకారా టోమీ తన టోమికా అనే బుల్లి కార్లలో కొత్తవాటిని నెలనెలా ఆ రోజునే దుకాణాల్లోకి వదులుతుంది. వారం ముందు వెళ్తే అవి ఇంకా రావు. వారం తర్వాత వెళ్తే మామూలు రంగువి దొరుకుతాయి గానీ, మొదటి విడతకే పరిమితమైన ప్రత్యేక రంగువి చాలావరకు అయిపోయి ఉంటాయి. నేను సెలవు పెట్టింది ఆ శనివారాన్ని మధ్యలో ఉంచుకునే. ఆఫీసులో మాత్రం కారణం చెప్పలేదు.

హైదరాబాద్‌లో ఈ సరదా ఎలా ఉంటుందో తెలిసిందే. సూపర్ మార్కెట్లో హాట్ వీల్స్ కార్లు వేలాడదీసే కొక్కేల దగ్గరికి మనం వెళ్లేసరికి ఎవరో ముందే జల్లెడ పట్టేసి ఉంటారు. ట్రెజర్ హంట్ అనే అరుదైన కార్ల సంగతి దేవుడెరుగు, మంచి స్పోర్ట్స్ కారు ఒక్కటి మిగిలినా అదృష్టమే. విదేశీ బ్రాండ్లు తెప్పించుకుందామంటే సుంకం భయం. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి ఒక్కసారిగా 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు కూడా తప్పనిసరైంది. ఆ దెబ్బతో ఇక్కడ చేతులు మారే ధరలు, అక్కడ పెట్టె మీద ఉండే ధరలు రెండు వేరే లోకాలు అయిపోయాయి. అలాగని కార్లు చవగ్గా వస్తాయని టోక్యో వెళ్తే విమానం టికెట్టే మనల్ని చూసి నవ్వుతుంది. నేను వెళ్లింది విడుదల రోజు సందడి చూడటానికి. దాంతోపాటు ఎక్కడ ఉంటే తిరగడం తేలికో తెలుసుకుందామని కూడా.

ముందు బస సంగతి. మొదట ఉయెనోలో ఒక బిజినెస్ హోటల్ తీసుకున్నాను. స్టేషన్ దగ్గర, శుభ్రం, బాత్రూంలో ప్రతిదీ పనిచేస్తుంది. అయితే గదిలో సూట్‌కేసు తెరిస్తే నడవడానికి చోటు లేదు, నడవాలంటే సూట్‌కేసు మూయాలి. కొన్న కార్లు పెట్టెల్లోంచి తీసి చూసుకునే బల్ల కూడా అరచేయంతే. ఒంటరిగా వెళ్లి, రాత్రి పడుకోవడానికే గది కావాలనుకుంటే బాగానే ఉంటుంది. బొమ్మల కొట్లకి పేరున్న అకిహబారాకి రెండే స్టేషన్లు, అది పెద్ద సుఖం.

తర్వాత నిషి కసాయికి మారాను. అక్కడ మా పిన్ని కొడుకు ఉంటున్నాడు. ఎడోగావా వార్డులోని ఈ పేటని టోక్యోలో చిన్న ఇండియా అంటారు. 2000 సంవత్సరం కంప్యూటర్ సమస్య రోజుల నుంచి మన ఐటీ వాళ్లు ఇక్కడ స్థిరపడుతూ వచ్చారు. పార్కులో తెలుగు వినపడుతుంది, కందిపప్పు దొరుకుతుంది. తిండి ఒక్కటే కాదు, మోడల్ కార్ల వేటకి ఈ పేట ఎందుకు సరిపోతుందో తమ్ముడే చెప్పాడు.

"అన్నయ్యా, తోజై లైన్ ఒక్కటి గుర్తుపెట్టుకో. నీకు కావాల్సినవన్నీ దాని మీదే ఉన్నాయి" అన్నాడు.

నిజమే. నిషి కసాయిలో ఎక్కితే కయాబాచోలో దిగి హిబియా లైన్ మారి అకిహబారా. అదే రైల్లో ఒతేమాచి దాకా వెళ్తే అక్కడి నుంచి నడిచి టోమికా షాప్ ఉన్న టోక్యో స్టేషన్. ఇంకా కూర్చునే ఉంటే చివరి స్టేషన్ నకానో, పాత బొమ్మల కొట్లు అక్కడే. మూడు ప్రధానమైన చోట్లూ ఒకే తీగ మీద ఉన్నాయి. ఒక్క ఇబ్బంది ఏంటంటే, పొద్దున ఆఫీసు వేళ తోజై లైన్ రద్దీకి ఊరంతా పేరుంది. శనివారం ఆ బాధ లేదు. మిగతా రోజుల్లో పదింటి తర్వాత బయల్దేరండి. ఎలాగూ సెకండ్ హ్యాండ్ కొట్లు కొన్ని మధ్యాహ్నానికి గానీ తెరవరు.

ఇక శనివారం. అకిహబారాలో యొదోబాషి కెమెరా అనే పెద్ద దుకాణం పొద్దున తొమ్మిదిన్నరకి తెరుస్తారు, బొమ్మలు ఆరో అంతస్తులో. "తొమ్మిదికల్లా అక్కడుండాలి, కబుర్లు చెప్పకుండా లే" అని తమ్ముడు లేపాడు. వెళ్లేసరికి క్యూ ఉంది. స్కూలు పిల్లలు, వాళ్ల చేయి పట్టుకున్న తాతలు, నాలాంటి మధ్య వయసువాళ్లు. తలుపు తెరిచాక ఎవరూ పరిగెత్తలేదు. ఎస్కలేటర్ మీద కూడా వరస చెదరలేదు. ఒక్కో రకం ఒక్కొక్కరికి ఒకటే అని అరల దగ్గర చీటీ. తిరిగి అమ్ముకునేవాళ్లు అట్టపెట్టెలకి అట్టపెట్టెలు ఎత్తుకుపోకుండా ఆ ఏర్పాటు. ఇది ఒక్కటి మన ఊళ్లో పెడితే ఎంత బాగుంటుందో అనిపించింది. పెట్టినా, బావమరుదుల్ని కూడా వెంటబెట్టుకొస్తారనుకోండి.

టోమికా లెక్క తెలియనివాళ్ల కోసం ఒక మాట. 1970 ఆగస్టులో ఆరు కార్లతో మొదలైంది. టొయోటా 2000జీటీ, నిస్సాన్ ఫెయిర్‌లేడీ జెడ్ 432 ఆ ఆరింట్లోవే. అప్పుడు ఒక్కోటి 180 యెన్లు. ఇప్పుడు కూడా ఆరు వందల యెన్లలోపే, అంటే మన మూడు వందల యాభై రూపాయల లోపు. మామూలు వరసలో 1 నుంచి 120 దాకా నంబర్లు ఉంటాయి. కొత్త కారు వస్తే ఏదో ఒక నంబర్‌లోని పాతది వెళ్లిపోతుంది. అందుకే విడుదల రోజు అంటే ఒకరికి పుట్టినరోజు, ఇంకొకరికి పదవీ విరమణ. తెలివైనవాళ్లు కొత్త కారుతో పాటు ఆ నెల పోబోయే కారుని కూడా బుట్టలో వేసుకుంటారు. వరస తప్పకుండా అన్ని నంబర్లూ సేకరించాలని కూర్చుంటే ఈ తతంగానికి అంతు లేదు, కంపెనీకి కావాల్సిందీ అదే.

ఇంకో సంగతి. మామూలు టోమికాలో స్కేలు, అంటే అసలు బండిలో ఎన్నో వంతు అన్న లెక్క, స్థిరంగా ఉండదు. బస్సయినా, చిన్న కారయినా అదే సైజు పెట్టెలో పట్టాలి కాబట్టి ఒక్కోదాని కొలత ఒక్కోలా ఉంటుంది. జిమ్నీని బస్సు పక్కన పెడితే రెండూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. ఇది నచ్చనివాళ్లకి టకారా టోమీ గ్రూపులోనే ఉన్న టోమీటెక్ వాళ్ల టోమికా లిమిటెడ్ వింటేజ్ ఉంది. 2004లో మొదలైంది, అన్నీ కచ్చితంగా 1:64, అంటే అసలు కారులో అరవై నాలుగో వంతు. టోమికా పుట్టకముందు, 1950ల్లో, 60ల్లో తిరిగిన కార్లని తీసుకుని, అప్పట్లోనే టోమికా ఉండి ఉంటే ఎలా చేసేవారో అలా చేశారు. 70ల తర్వాతి కార్లకి నియో అని వేరే వరస. అద్దాలు, బంపర్లు, దీపాల పనితనం చూస్తే చేతిలోంచి దింపబుద్ధి కాదు. ధర మాత్రం మామూలు టోమికాకి ఎన్నో రెట్లు. మధ్యలో 2015లో వచ్చిన టోమికా ప్రీమియం ఉంది. వెయ్యి యెన్ల అటూఇటూ పెడితే పెద్దవాళ్ల అల్మరాలో పెట్టదగ్గ కారు వస్తుంది. డబ్బుకి తగ్గ సరుకు అంటే నా ఓటు ప్రీమియానికే.

బిల్లు దగ్గర పాస్‌పోర్ట్ చూపిస్తే పది శాతం వినియోగ పన్ను తీసేశారు. ఒకే దుకాణంలో ఒకే రోజు, పన్ను కాకుండా కనీసం 5,000 యెన్లు ఉండాలి. అందుకని నాలుగు కొట్లలో నాలుగేసి కార్లు కొనే బదులు ఒకేచోట కొనడం లాభం. ఈ పద్ధతి 2026 నవంబర్ 1 నుంచి మారుతోంది. ముందు పన్నుతో సహా కట్టి, దేశం వదిలే ముందు విమానాశ్రయంలో వెనక్కి తీసుకోవాలి. ఆ తర్వాత వెళ్లేవాళ్లు విమానం వేళకి ఇంకాస్త ముందే చేరుకోండి.

టోక్యో స్టేషన్ కింద టోమికా షాప్ పిల్లలతో వెళ్లేవాళ్లకి. బయట దొరకని షాపు ప్రత్యేక మోడళ్లు ఉంటాయి. కారు రంగు, లోపలి సీట్ల రంగు, చక్రాలు మనం ఎంచుకుంటే ఎదురుగానే బిగించి ఇచ్చే చిన్న ఫ్యాక్టరీ కౌంటర్ కూడా ఉంది. సేకరణ దృష్టితో నాకు అంత ముఖ్యం అనిపించలేదు. కానీ యూనిఫాం వేసుకున్న అమ్మాయి మా తమ్ముడి కూతురికి కారు బిగించి రెండు చేతులతో అందించిన తీరు చూశాక, విమర్శించే నోరు మూతబడింది.

నకానో బ్రాడ్‌వే వేరే కథ. 1966లో కట్టిన పాత షాపింగ్ సముదాయం, పైన అపార్ట్‌మెంట్లు, కింది అంతస్తుల నిండా పాత బొమ్మలు. పాత బొమ్మలు, కామిక్స్ అమ్మే మందరాకే వాళ్ల చిన్న చిన్న కొట్లే ఎన్నో ఉన్నాయి, మధ్యాహ్నం పన్నెండుకి తెరుస్తారు. ఇక్కడ అద్దాల వెనక 1970ల నల్ల పెట్టె టోమికాలు కనిపిస్తాయి, జపాన్‌లోనే తయారైనవి. పెట్టె మూల నలిగిందా, లోపలి కారుకి గీత పడిందా అన్నీ చీటీ మీద రాసి ఉంటాయి. జపనీస్ రాకపోయినా ఫోన్ కెమెరా అనువాదం చాలు. పని చేసేవాళ్లు కారుని చిన్న ట్రేలో పెట్టి, అన్ని వైపులా తిప్పి చూపించి, "ఈ మచ్చ ఉంది, ఫర్వాలేదా" అని సైగ చేసి అడిగాకే డబ్బు తీసుకుంటారు. సేవ విషయంలో ఈ యాత్ర మొత్తానికి నేను మొదటి మార్కు వేసేది ఇక్కడే. ధరల విషయంలో కాదు. వాళ్లకి ఏది అరుదో మనకంటే బాగా తెలుసు, పొరపాటున తక్కువకి దొరుకుతుందన్న ఆశ వద్దు.

ఆ ఆశ ఉంటే ఊరి శివార్లలో హాబీ ఆఫ్ అనే సెకండ్ హ్యాండ్ కొట్లకి వెళ్లాలి. పెట్టెలు లేని పాత కార్లు బుట్టల్లో పోసి ఉంటాయి. నేను ఒక మధ్యాహ్నం అంతా అక్కడే నేల మీద గొంతుక్కూర్చున్నాను. రంగు ఊడిన కార్లకి మళ్లీ రంగులేసే సరదా ఉన్నవాళ్లకి స్వర్గం. అకిహబారా రేడియో కైకాన్‌లో అద్దెకిచ్చే గాజు అరలు కూడా చూడండి. ఒక్కో అర ఒక్కో సేకర్తది, ధర వాళ్ల ఇష్టం. పక్క పక్క అరల్లోనే ఒకే కారుకి రెండు ధరలు చూశాను.

వెనక్కి వస్తూ హాంకాంగ్‌లో ఆగాను. ఈ మధ్య మన దగ్గర కలెక్టర్లు ఎగబడుతున్న 1:64 బ్రాండ్లలో చాలా వాటికి పుట్టిల్లు అదే: మినీ జీటీ, టార్మాక్ వర్క్స్, ఊరి టాక్సీలు, బస్సులు చేసే టైనీ. భారత పాస్‌పోర్ట్‌కి వీసా అక్కర్లేదు గానీ, బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ చేసుకుని ఆ కాగితం దగ్గర ఉంచుకోవాలి. విమానాశ్రయం నుంచి ఏ21 డబుల్ డెక్కర్ ఎక్కి పై అంతస్తులో ముందు సీట్లో కూర్చుంటే ఊరు చూస్తూ కార్ల కొట్లున్న మాంగ్‌కాక్ చేరొచ్చు. రైలుకంటే చవక, చూసేందుకు హాయి.

మాంగ్‌కాక్‌లో సైనో సెంటర్, అక్కడి నుంచి దక్షిణానికి నడిస్తే ఇన్స్ పాయింట్, రెండూ చిన్న చిన్న కొట్ల సముదాయాలు. ఇరుకు వరండాలు, గోడల నిండా కార్లు. మధ్యాహ్నం దాటాకే కళకళలాడతాయి, రాత్రి దాకా ఉంటాయి. మినీ జీటీ కొత్తవి వంద హాంకాంగ్ డాలర్ల చుట్టుపక్కల, ఎడమ స్టీరింగువి, కుడి స్టీరింగువి రెండూ ఉన్నాయి. మన రోడ్డు అలవాటు కొద్దీ నేను కుడివే ఏరుకున్నాను. అమ్మకం పన్ను లేదు కాబట్టి చెప్పిన ధరే ధర. కానీ ఆ ధర కొట్టుకొట్టుకీ మారుతుంది. టోక్యోలో లాగా ఫలానా రోజున అందరికీ ఒకే ధరకి అన్న పద్ధతి ఇక్కడ కనపడలేదు. సరుకు పెట్టె వచ్చినప్పుడు వచ్చింది, గిరాకీని బట్టి ధర. ఒక కొట్టులో కొన్న కారు ముందు చక్రం వంకరగా ఉందని గదికి వెళ్లాక చూసి మర్నాడు తీసుకెళ్తే, పెట్టె తెరిచావు కాబట్టి మార్చం అన్నారు. కౌంటర్ దగ్గరే తెరిచి చూపించమని అడగండి, మొహమాటం వద్దు.

హాంకాంగ్ బస గురించి చెప్పాలంటే కాస్త కోపం వస్తుంది. నేథన్ రోడ్డు మీద ఒక గెస్ట్‌హౌస్ బుక్ చేశాను. ఫొటోలో కిటికీ ఉంది, గదిలో లేదు. అడిగితే "కిటికీ గదికి అదనం" అన్నారు. అదే రోడ్డులో 1961 నాటి చంగ్‌కింగ్ మాన్షన్స్ ఉంది, అయిదు బ్లాకులు, బ్లాకుకి రెండు చిన్న లిఫ్టులు, ఒకటి సరి అంతస్తులకి, ఒకటి బేసికి. కింద మన తిండి దొరుకుతుంది కాబట్టి భోజనానికి వెళ్లాను. సూట్‌కేసుతో ఆ లిఫ్టు క్యూలో నిలబడ్డవాళ్లని చూశాక ఉండాలనిపించలేదు. ఇంకొంచెం డబ్బు పెట్టి మాంగ్‌కాక్‌లోనే మామూలు హోటల్ తీసుకోవడం మేలు. కొన్నవి గంటకోసారి గదిలో పడేసి మళ్లీ దిగొచ్చు.

కార్లు తెచ్చుకోవడం గురించి. టోక్యోలో దైసో అనే చవక సామాన్ల కొట్లలో మోడల్ కార్లు పెట్టుకునే గట్టి ప్లాస్టిక్ డబ్బాలు దొరుకుతాయి, ముందే కొనుక్కోండి. పెట్టె నలిగితే విలువ సగం పోయినట్టే, అందుకే మంచివి క్యాబిన్ బ్యాగులోనే. లోహం కాబట్టి ఎక్స్‌రే దగ్గర బ్యాగు తెరిపించడం మామూలే, పైన పెట్టుకుంటే త్వరగా తేలుతుంది. టోక్యోలో పెద్ద సూట్‌కేసుని హోటల్ నుంచి విమానాశ్రయానికి పంపే తక్కూబిన్ సేవ ఉంది, ముందురోజే ఇచ్చేయాలి. వాడాను, చెప్పిన వేళకి వచ్చింది. శంషాబాద్‌లో దిగే ముందు బిల్లులన్నీ ఒక కవర్లో పెట్టుకుని, ప్రయాణికుల సామానుకి సుంకం లేని పరిమితి అప్పటికి ఎంతుందో చూసుకోండి. ఒకే మోడల్ పదేసి తెస్తే అమ్ముకోవడానికి అనే అనుమానం రావడం సహజం. స్నేహితులు ఇచ్చిన జాబితాలో నేను సగానికి పైగా కొట్టేసింది అందుకే. వాళ్లలో ఇద్దరు ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.