హాలోవీనా, ఫ్రైడే ద థర్టీన్తా? చవక స్లాషర్లలో ఏది మేలు?

కత్తి పట్టిన హంతకుడు ఒక్కొక్కర్నే చంపుకుంటూ పోయే స్లాషర్ సినిమాలు ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరడిగినా మూడు పేర్లే వినిపిస్తాయి: 1978 నాటి హాలోవీన్, 1980లో వచ్చిన ఫ్రైడే ద థర్టీన్త్, 1996 నాటి స్క్రీమ్. మూడోదాన్ని కాసేపు పక్కన పెడదాం. అది కోటిన్నర డాలర్ల దాకా పెట్టి తీసిన బొమ్మ, పైగా మొదటి రెండూ చూసేసినవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాసిన కథ. చేతిలో డబ్బుల్లేక, పేరున్న నటుల్ని తెచ్చుకోలేక, దొరికిన చోట దొరికినట్టు లాగించేసిన మొదటి రెండిటి మధ్యే అసలు పోటీ.

మన దెయ్యం సినిమాలకి అలవాటుపడ్డ వాళ్ళకి వీటిలో ముందుగా కొట్టొచ్చినట్టు కనిపించే లోటు ఫ్లాష్‌బ్యాక్. మన దెయ్యానికి ఎప్పుడో ఓ అన్యాయం జరిగి ఉంటుంది. ఇంటర్వెల్ తర్వాత అరగంట దాని కథ నడుస్తుంది, క్లైమాక్స్‌కి వచ్చేసరికి దాని పగే న్యాయమనిపిస్తుంది. స్లాషర్‌లో అంత ఓపిక ఉండదు. పెద్దవాళ్ళు ఇంట్లో లేని ఒక రాత్రి, నలుగురైదుగురు టీనేజ్ పిల్లలు, కత్తి పట్టుకున్న ఒకరు. ఫ్రైడేలో చంపడానికి ఓ కారణం ఉంది కానీ దాన్ని చివర్లో గబగబా చెప్పేసి వదిలేస్తారు. హాలోవీన్‌లో అదీ లేదు. హంతకుడు మైకేల్ మయర్స్ ఆరేళ్ళ వయసులో అక్కని ఎందుకు చంపాడో సినిమా అయిపోయినా తెలియదు. నాకైతే ఆ తెలియకపోవడమే ఎక్కువ భయం.

ఇక డబ్బు సంగతి. రెండిటినీ తూచడానికి ఇంతకంటే మంచి తక్కెడ లేదు. ఉన్న కాసిని డబ్బులు ఎక్కడ పెట్టారో చూస్తే ఏ సినిమా ఏమిటో తేలిపోతుంది.

హాలోవీన్‌కి అయిన ఖర్చు 3 లక్షల డాలర్ల పైచిలుకు, షూటింగ్ సుమారు మూడు వారాలు. కథేమో ఇల్లినాయ్‌లోని హాడన్‌ఫీల్డ్ అనే కల్పిత ఊళ్ళో, అక్టోబర్ 31 రాత్రి జరుగుతుంది. తీసిందేమో దక్షిణ కాలిఫోర్నియాలో, వసంతకాలంలో. చెట్లన్నీ పచ్చగా నవనవలాడుతుంటే ఆకురాలు కాలం ఎక్కణ్ణుంచి తెస్తారు? ఆకులకి రంగులేసి రోడ్డు మీద చల్లారు. షాట్ అవగానే ఏరుకుని సంచుల్లో నింపుకున్నారు, తర్వాతి షాట్‌కి మళ్ళీ అవే చల్లారు. హంతకుడి మాస్క్ కూడా అలాంటి బాపతే. రెండు డాలర్ల లోపే కొన్న స్టార్ ట్రెక్ కెప్టెన్ కర్క్ ముఖం. కళ్ళ దగ్గర రంధ్రాలు పెద్దవి చేసి, తెల్ల రంగు కొట్టి, జుట్టు చెదరగొట్టేసరికి ఏ భావమూ లేని ఆ ముఖం తయారైంది. మాస్క్ వెనకున్న నిక్ కాసిల్‌కి ముట్టింది రోజుకి 25 డాలర్లు.

మరి డబ్బు ఎక్కడికి పోయినట్టు? కొంత డాక్టర్ లూమిస్ వేషానికి తెచ్చిన డోనాల్డ్ ప్లెజెన్స్‌కి: ఐదు రోజుల పనికి 20 వేల డాలర్లు. హీరోయిన్ లారీ వేషం వేసిన జేమీ లీ కర్టిస్‌కి ఇచ్చింది 8 వేలే, అదే ఆమె మొదటి సినిమా. చెప్పుకోదగ్గ మొత్తం మాత్రం కెమెరాకి పోయింది. ఇంత చిన్న సినిమాని దర్శకుడు జాన్ కార్పెంటర్ పట్టుబట్టి పానావిజన్ వైడ్‌స్క్రీన్‌లో తీశాడు, కెమెరామన్ డీన్ కండీ చేతికి పానాగ్లైడ్ ఇచ్చాడు. మనిషి ఒంటికి తగిలించుకుని, కుదుపు లేకుండా నడుస్తూ తీసే కెమెరా అది. వెడల్పాటి తెర కావడంతో ఓ మూల లారీ నడిచి వెళ్తుంటే ఇంకో మూల ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలో ఎవరైనా వస్తారేమోనని మన కళ్ళే వెతుక్కుంటాయి. పట్టపగలు, కంచె మొక్కల పక్కన, ఉతికి ఆరేసిన దుప్పట్ల మధ్య అతగాడు అలా నిలబడి ఉంటాడు. మళ్ళీ చూసేసరికి ఉండడు.

క్లైమాక్స్‌కి ముందు ఒక షాట్ ఉంది. లారీ ఏడుస్తూ గోడకి ఆనుకుని నిలబడింది. పక్కనే తలుపు తీసి ఉన్న గది, లోపల కటిక చీకటి. ఆ నలుపులోంచి తెల్లటి ముఖం, పాలు విరిగినప్పుడు పైకి తేలినట్టు, నెమ్మదిగా తేలుతుంది. గ్రాఫిక్స్ లేవు, నెత్తురు చుక్క లేదు. మాస్క్ మీద పడే చిన్న లైటుని కొద్దికొద్దిగా పెంచారు, అంతే. మొత్తం సినిమాలో రక్తం కనిపించేదే బహుతక్కువ. చూసొచ్చినవాళ్ళకి మాత్రం ఏదో ఘోరం చూసినట్టే గుర్తుండిపోతుంది.

ఫ్రైడే లెక్క పూర్తిగా వేరు. హాలోవీన్ వసూళ్ళు చూసే ఈ సినిమా మొదలుపెట్టానని దర్శకుడు షాన్ కన్నింగ్‌హామ్ దాచుకోకుండానే చెప్పాడు. స్క్రిప్టు చేతికి రాకముందే పేరు ఒకటి అనుకుని 'వెరైటీ' అనే సినిమా పత్రికలో పేజీ ప్రకటన ఇచ్చేశాడు. ఐదున్నర లక్షల డాలర్ల బడ్జెట్, న్యూజెర్సీ అడవిలో ఓ స్కౌట్ క్యాంపు, సరస్సు, చెక్క క్యాబిన్లు. ఇక్కడ బరువంతా మోసింది గాయాలూ నెత్తురూ సృష్టించే మేకప్, అది టామ్ సావినీ పని. అంటే హాలోవీన్ దాచిపెట్టినదంతా ఇక్కడ ముందుకి తెచ్చి చూపిస్తారు.

ఇందులో అందరూ చెప్పుకునే సీన్ కెవిన్ బేకన్‌ది. అప్పటికి అతనెవరో ఎవరికీ పెద్దగా తెలియదు. బంకు మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంటాడు. కింద నుంచి ఓ చెయ్యి వచ్చి నుదురు నొక్కి పడుతుంది, గొంతులోంచి బాణం మొన పైకి వస్తుంది. ఎలా చేశారంటే, అసలు మనిషి మంచం కింద వంగి, కంతలోంచి తల మాత్రం పైకి పెట్టాడు. మెడా ఛాతీ రబ్బరువి. తీరా టేక్ మొదలయ్యాక రక్తం పంపే గొట్టం ఊడిపోయింది. రబ్బరు మెడ ఇంకొకటి లేదు. కింద దాక్కున్న సహాయకుడు ఆ గొట్టం నోట్లో పెట్టుకుని బలంగా ఊదేశాడు. తెర మీద చిమ్మే రక్తం అదే. అలాంటి పంపు ఎన్ని డాలర్లు పోసినా దొరకదు.

ఈ సీన్లు తీసేస్తే మాత్రం ఫ్రైడే మధ్యభాగం నీరసం. పిల్లలు ఒకరికొకరు తేడా తెలియరు, వానపడే రాత్రి మోనోపొలీ ఆడుతూ ఓడినప్పుడల్లా ఒంటి మీది బట్ట ఒకటి తీసేస్తుంటారు. వాళ్ళలో ఆలిస్ అనే అమ్మాయి కాఫీ కలుపుకునే సీను నిజంగా కాఫీ కలిపేంత సేపూ సాగుతుంది. హాలోవీన్‌లో అమ్మాయిల కబుర్లు సహజంగా వినిపిస్తాయి. సహ రచయిత్రి డెబ్రా హిల్ వాటిని తనే రాసింది మరి. ఒక్క విషయంలో ఫ్రైడేదే పైచేయి: బతికేదెవరో ముందుగా పసిగట్టలేం. హాలోవీన్‌లో పుస్తకాలు పట్టుకు నడిచే లారీని చూడగానే తెలిసిపోతుంది. ఫ్రైడేలో మొదట హీరోయిన్ అనుకున్న పిల్ల గతి ఏమవుతుందో నేను చెప్పను.

సంగీతం దగ్గర ఇద్దరూ గట్టివాళ్ళే. కార్పెంటర్ వాళ్ళ నాన్న చిన్నప్పుడు బోంగో మీద నేర్పిన ఐదు మాత్రల లయని పియానో మీదికి తెచ్చి, మొత్తం నేపథ్య సంగీతం మూడు రోజుల్లో ముగించాడు. ఫ్రైడేలో హ్యారీ మన్‌ఫ్రెడినీ పెట్టుకున్న నియమం ఇంకా తెలివైనది: హంతకుడు నిజంగా దగ్గర్లో ఉంటేనే సంగీతం, ఉత్తుత్తి భయాలకి నిశ్శబ్దం. ఇది తెలిసి చూస్తే సగం సినిమా చెవులతోనే చూస్తాం.

విమర్శకుల మాటకొస్తే, ఫ్రైడే మీద మండిపడ్డ జీన్ సిస్కెల్ తన సమీక్షలో క్లైమాక్స్ రహస్యాన్నే బయటపెట్టేశాడు. జనం లెక్కచెయ్యలేదు. ఒక్క అమెరికాలోనే దాదాపు 4 కోట్ల డాలర్లు వచ్చాయి. హాలోవీన్‌కి అక్కడ వచ్చింది 4.7 కోట్లు. దాన్ని 2006లో, ముఖ్యమైన సినిమాల్ని దాచిపెట్టే అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో భద్రపరిచారు కూడా.

ఒక్కటే చూస్తాననేవాళ్ళకి హాలోవీన్, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. ఒక్కరే, లైట్లు ఆర్పి, ఉన్నంతలో పెద్ద తెర మీద చూడండి. ఫోన్‌లో చూస్తే ఆ వెడల్పంతా వృథా. అదే వారాంతం రాత్రి నలుగురు స్నేహితులు చేరి, కేకలేసుకుంటూ, ఒకడు "తలుపు తియ్యకే" అని అరుస్తుంటే ఇంకొకడు పకోడీల పళ్ళెం లాక్కుంటూ చూడాలంటే మాత్రం హాలోవీన్ పనికిరాదు. ఆ నిశ్శబ్దాలు గోలలో కొట్టుకుపోతాయి. అప్పుడు ఫ్రైడే పెట్టాలి. నీరసంగా ఉన్న మధ్యభాగం కబుర్లకి సరిపోతుంది, సావినీ పని మొదలైనప్పుడు అందరూ ఒక్కసారే నోరు మూస్తారు. హాకీ మాస్క్ కోసం ఎదురుచూడకండి, అది 1982లో వచ్చిన మూడో భాగంలో గానీ రాదు. అంతా అయిపోయిందనుకుని పడవ సీన్‌కి ముందే లేచిపోకండి. రెండిట్లో ఏదీ అమ్మానాన్నలతో కూర్చుని చూసేది కాదు, ఫ్రైడే అసలే కాదు.

స్క్రీమ్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మూడోదిగానే పెట్టుకోండి. దాని మొదటి సీన్లోనే హంతకుడు ఫోన్ చేసి సినిమా క్విజ్ పెడతాడు. అందులో ఒక ప్రశ్నకి జవాబు ఫ్రైడే క్లైమాక్సే.