హెడ్మాస్టారు వేసిన పుట్టినరోజు, నా ఎన్‌పీఎస్ ఆటో ఛాయిస్

ఎన్‌పీఎస్‌లో (జాతీయ పెన్షన్ వ్యవస్థలో) ఎలా చేరాలి, పన్ను ఎంత మిగులుతుంది, టైర్ 1కీ టైర్ 2కీ తేడా ఏమిటి, ఇవేవీ ఇక్కడ రాయడం లేదు. వాటిమీద ఇప్పటికే కావలసినంత సమాచారం ఉంది. చాలా ఏళ్లుగా వాడుతున్నవాడిగా నాకు చెప్పాలనిపించింది ఒక్క విషయమే. రిటైర్మెంట్ దగ్గరపడే కొద్దీ ఏటా పుట్టినరోజున దానంతటది షేర్ల వాటా సర్దుతుంది చూడండి, ఆటో ఛాయిస్ అనే ఆ ఏర్పాటు. అదంటే నాకు భలే ఇష్టం. ఈ మధ్య కొంచెం సణుగుడు కూడా మొదలైందనుకోండి, అది తర్వాత చెప్తాను.

నాది ఎల్‌సీ75, అంటే ఆటో ఛాయిస్‌లో ఏ వయసుకు ఎంత వాటా అని చెప్పే పట్టికల్లో ఒకటి. పేరులో 75 ఉంది కదా, చివరిదాకా 75 శాతం షేర్లలోనే ఉంటుందనుకునేవాళ్లు మా ఆఫీసులో ఇప్పటికీ ఉన్నారు. ఆ 75 ముప్పై అయిదేళ్ల వయసు దాకానే. అక్కడి నుంచి ఏటా 4 శాతం చొప్పున తగ్గి 45 ఏళ్లకు 35 అవుతుంది, ఆ తర్వాత మూడేసి తగ్గి 50కి 20, ఆపైన ఒక్కొక్కటే తగ్గి 55కి 15 దగ్గర ఆగుతుంది. మిగతాదంతా కార్పొరేట్ బాండ్లు, ప్రభుత్వ బాండ్లు. నలభై దాటాక చేరినవాణ్ణి కాబట్టి ఆ 75ను నేను కాగితం మీద తప్ప చూడలేదు.

ఈ సర్దుబాటు రికార్డుల్లో ఉన్న పుట్టిన తేదీన జరుగుతుంది. నేను పుట్టింది శ్రావణ మాసంలో. బళ్లో వేసేటప్పుడు మా హెడ్మాస్టారు తన లెక్క ఏదో తాను వేసుకుని మార్చి నెలాఖరు తేదీ ఒకటి రాసేశారు. మా తరంలో చాలామందిది ఇదే కథ. పదో తరగతి సర్టిఫికెట్ నుంచి ఆధార్‌కీ, అక్కడి నుంచి ప్రాన్‌కీ (ఎన్‌పీఎస్ ఖాతా నంబరుకీ) ఆ తేదీయే పాకింది. ఇంట్లో ఎవరూ పట్టించుకోని ఆ పుట్టినరోజుని ఎన్‌పీఎస్ ఒక్కటే శ్రద్ధగా జరుపుతుంది.

2020 మార్చి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 23వ తేదీన సెన్సెక్స్ ఒక్క రోజులో 3,900 పాయింట్లకు పైగా, అంటే 13 శాతం పడింది. మర్నాడు రాత్రి లాక్‌డౌన్ ప్రకటించారు, ఆ మర్నాడే ఉగాది. సరిగ్గా ఆ వారంలోనే రికార్డు ప్రకారం నాకు యాభై నిండాయి. పట్టిక చూస్తే షేర్ల వాటా 23 నుంచి 20కి దిగాలి. అంతకు రెండు నెలల ముందు 12 వేల పైన ఉన్న నిఫ్టీ 8 వేల దరిదాపుల్లో ఉంది. ఈ ధరకు నా షేర్లు అమ్మేసి, ఆ నష్టాన్ని ఖాయం చేసి బాండ్లలో పడేస్తారని ఒకటే టెన్షన్. కరోనా కంటే ఆ వారం నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదేనంటే మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

కొన్నాళ్లకు స్టేట్‌మెంట్ తీశాను. షేర్ల స్కీములో యూనిట్లు తగ్గలేదు, పెరిగాయి! బాండ్ల స్కీముల్లో తగ్గాయి. ఎవరో అటుది ఇటు నొక్కారనుకున్నాను. కాగితం, పెన్ను తీసుకుని కూర్చుంటే అప్పుడు అర్థమైంది. 23 శాతం అనేది అంతకు ముందు ఏడాది పుట్టినరోజు నాటి మాట. ఆ తర్వాత షేర్లు కుప్పకూలాయి, బాండ్లు పెరిగాయి. కాబట్టి పుట్టినరోజు వచ్చేనాటికి నా నిధిలో షేర్ల అసలు వాటా 15, 16 శాతానికి జారిపోయింది. పట్టిక 20 ఉండాలంటోంది. ఆ తేడా పూడ్చడానికి బాండ్లు అమ్మి షేర్లు కొన్నారు. రిస్క్ తగ్గించడానికి పెట్టిన ఏర్పాటు, మార్కెట్ అట్టడుగున ఉన్న వారంలో నాకు షేర్లు కొనిపెట్టింది. ఆ రోజుల్లో నా అంతట నేను కొనడానికి చెయ్యి వచ్చేది కాదు, ఎవరైనా కొనమన్నా తిట్టి పంపేవాణ్ణి.

ఏడాది తిరిగేసరికి నిఫ్టీ 14 వేలు దాటింది. అప్పటి నుంచి కనిపించిన వాళ్లందరికీ ఆటో ఛాయిస్ గురించి చెప్పడం మొదలుపెట్టాను. మా తోడల్లుడు చేరడానికి కారణం కూడా నేనే.

అయితే ఆయన పుట్టినరోజు జనవరిలో. 2020 జనవరిలో మార్కెట్ బాగా ఎత్తులో ఉన్నప్పుడు, 2021 జనవరిలో మళ్లీ ఎత్తుకు చేరాక... అదే స్కీములో అప్పటికే ఉండి ఉంటే ఆయనకు ఆ మధ్యలోని పల్లం అందేదే కాదు. కాబట్టి నాకు దక్కినదాంట్లో పట్టిక గొప్పతనం కొంత, హెడ్మాస్టారి చలవ కొంత. పైగా మొత్తం నిధిలో అలా కొన్నది 4, 5 శాతానికి మించదు. దానివల్ల నేను కోటీశ్వరుణ్ణి అయిపోలేదు. 2021 పుట్టినరోజున పెరిగిన షేర్లు చాలావరకు అమ్మేసి వాటాను 19కి దించారు, మార్కెట్ మాత్రం ఆ ఏడాదంతా పైకే పోయింది.

సణుగుడు మొదలైంది 2022లో. మే నెల నుంచి రిజర్వు బ్యాంకు రెపో రేటు, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీ, పెంచుతూ పోయింది, 4 శాతం ఉన్నది 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. కొత్త బాండ్లకు ఎక్కువ వడ్డీ వస్తుంటే తక్కువ వడ్డీ పాత బాండ్లను ఎవరు కొంటారు? వాటి ధర పడుతుంది, గడువు ఎంత దూరం ఉంటే అంత ఎక్కువగా పడుతుంది. పెన్షన్ ఫండ్లలో ఉండేవి ఎక్కువగా దీర్ఘకాలం బాండ్లే. వయసు పెరుగుతోంది కదా అని నా డబ్బులో పెద్ద భాగాన్ని చేర్చింది ప్రభుత్వ బాండ్లుండే ఆ ‘భద్రమైన’ జీ స్కీములోకే, ఆ వేసవిలో దాని యూనిట్ ధరే కిందకి దిగింది. 2021-22కి పీఎఫ్ వడ్డీ 8.1కి తగ్గించారని అందరూ తిట్టుకుంటున్న రోజులవి. కానీ పీఎఫ్ పాస్‌బుక్‌లో మైనస్ అనేది కనిపించదు. ఇక్కడ ప్రతిరోజూ మార్కెట్ ధర కట్టి చూపిస్తారు. తర్వాత కోలుకుందనుకోండి. రిటైర్మెంట్ మరో రెండు నెలలు ఉందనగా ఆ వేసవి వచ్చిన మనిషి పరిస్థితి వేరు.

ఇంకో అసంతృప్తి. ఈ పట్టిక 55తో ఆగిపోతుంది, మనం ఆగం కదా. ఇప్పుడు డబ్బు 85 ఏళ్ల దాకా ఎన్‌పీఎస్‌లోనే ఉంచుకోవచ్చు. మాలాంటి ప్రభుత్వేతర చందాదారులు తప్పనిసరిగా యాన్యుటీకి (నెలనెలా పెన్షన్ ఇచ్చే పాలసీకి) పెట్టాల్సిన 40 శాతాన్ని 2025 డిసెంబరులో 20కి తగ్గించారు. మరో ముప్పై ఏళ్లు నడవాల్సిన డబ్బుకు 15 శాతం షేర్లు చాలవేమోనని నా అనుమానం. 2024లో వచ్చిన బ్యాలెన్స్‌డ్ లైఫ్ సైకిల్ అనే మరో పట్టికలో షేర్ల వాటా 45 ఏళ్ల దాకా 50 శాతం, 55కి 35 శాతం ఉంటుంది. దానికి మారాలని మనసు లాగుతోంది.

ఇంట్లో మా ఆవిడ టీచరు, 2004కి ముందు డీఎస్సీ కాబట్టి పాత పెన్షనే. "నా పెన్షన్ ఉందిగా, మీకెందుకండీ భయం?" అంటుంది. ఆ ధైర్యం ఉన్నవాడు 35 శాతం పెట్టుకోవచ్చు. ఈ ఒక్క ఖాతా మీదే ఆధారపడే మా తోడల్లుడికి మాత్రం ఆ మాట చెప్పలేదు, ఆయన్ని షేర్లు 50 శాతంతో మొదలయ్యే ఎల్‌సీ50 పట్టికలోనే ఉండమన్నాను. నేనైతే పాప ఇంజనీరింగ్ చివరి ఏడాది ఫీజు కట్టేశాక మారతాను. ఈలోగా మార్చి మళ్లీ వస్తే, పాత పట్టికే సర్దుతుంది.