వర్జీనియా పొగాకా, కరోలినా వరా? 18వ శతాబ్దపు లెక్క

వర్జీనియా, కరోలినా అమెరికా తూర్పు తీర ప్రాంతాలు. అక్కడి తోటల దొరలకి ఏ పంట కుదురుతుందో చూద్దాం.

పెట్టుబడి: పొగాకు చిన్న కమతంలోనూ వేయొచ్చు. వరికి అలా కుదరదు, చిత్తడి అడవి కొట్టి గట్లు పోసి తూములు పెట్టాలి, అదంతా బానిసల చాకిరీయే.

నేల: పొగాకు మూడు నాలుగేళ్లలో సారం పీల్చేస్తుంది, కొత్త నేల వెతుక్కోవాలి. వరికి ఆ బాధ తక్కువ.

పని: పొగాకులో తలలు తుంచడం, పిలకలు గిల్లడం, ఆకు ఆకూ తిప్పి పురుగులు ఏరడం (గుంటూరు వాళ్లకి చెప్పాలా!), మేస్త్రీ కింద పొద్దుగూకేదాకా గుంపుగా. వరిలో మనిషికి రోజుకి సుమారు పావు ఎకరం, అదైతే మిగతా పొద్దు తనది, సొంత కూరగాయలు, కోళ్లు. వినడానికి బాగానే ఉంది కానీ మోకాలిలోతు నీళ్లు, మలేరియా, కోతలయ్యాక రోకటి దంపుడు. వేసవిలో ఆ జ్వరాలకి భయపడి దొరలు రేవుపట్నం చార్లెస్టన్‌కి చెక్కేసేవారు, బానిసలు అక్కడే.

డబ్బు తక్కువైతే పొగాకు, చిత్తడి నేలా పెద్ద పెట్టుబడీ ఉంటే వరి. ఈ ఎంపిక దొరలకే, పనిచేసేవాళ్లని ఎవరూ అడగలేదు.