చిన్న తెరచాప పడవకి సెల్ఫ్ బెయిలరా, బకెట్టా?

విశాఖ రుషికొండ దగ్గర ఒడ్డు అలలు దాటేసరికే డింగీలోకి, అంటే చిన్న తెరచాప పడవలోకి, చీలమండల దాకా నీళ్లు రావచ్చు. వాటిని తోడటానికి తాడుతో కట్టిన బకెట్టు ఉంది, అడుగున బిగించే సెల్ఫ్ బెయిలర్ ఉంది.

బెయిలర్ పనితీరు నాకు భలే ఇష్టం. పడవ అడుగున ఉండే దాని స్టీలు నాలుకని కిందికి దించితే, పడవ వేగానికి దాని వెనక పీడనం తగ్గి లోపలి నీళ్లని లాగేస్తుంది. చెయ్యి చుక్కాని మీదే ఉంటుంది. కానీ సుమారు 4 నాట్ల (గంటకి ఏడు కిలోమీటర్ల పైచిలుకు) వేగం కావాలి. గాలి పడిపోతే లాగదు, తెరిచి వదిలేస్తే నీళ్లు ఎదురొస్తాయి కూడా. మన తీరంలో ఇసుకతో ఇంకో చిక్కు: మూత అంచున నాలుగు రేణువులు ఇరుక్కున్నా కారుతుంది. ఒడ్డుకి చేరేముందు మూయకపోతే నాలుక నేలకి తగిలి వంగిపోతుంది. ప్లైవుడ్ పడవైతే కోసిన రంధ్రం అంచులకి ముందు ఎపాక్సీ (నీళ్లు ఇంకనివ్వని రెసిన్) పట్టించాలి, ఆ తర్వాతే సీలెంట్ (సందులు మూసే జిగురు). లేదంటే చెక్క నీళ్లు పీల్చుకుని లోపల్లోపలే కుళ్లుతుంది.

బకెట్టుకి ఈ తంటాలు లేవు. బోల్తాపడి లేచిన పడవలో నిండా నీళ్లుంటే, కదలని ఆ పడవని ఖాళీ చేసేది బకెట్టే.

మధ్యాహ్నపు గాలికి దూరం వెళ్లేవాళ్లు బెయిలర్ పెట్టించుకోండి, బకెట్టు మాత్రం తీసేయకండి. ఒడ్డు దగ్గరే నేర్చుకునే పిల్లల పడవకి అడుగున రంధ్రం కోయించొద్దు.