మూసేసిన బ్యాంకు ఖాతా కూడా మీ పేరు పాడు చేయగలదు, జాగ్రత్త

అమెరికాలో ఊరు మారుతూ పాత బ్యాంకు ఖాతా క్లోజ్ చేస్తున్నవాళ్లు, ఎంఎస్ అయిపోయాక స్టూడెంట్ అకౌంట్‌ని అలాగే వదిలేసినవాళ్లు, అన్నీ సర్దుకుని ఇండియా వెళ్లిపోతున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదని రాస్తున్నాను. బ్యాంకు పేరు మాత్రం రాయడం లేదు.

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా ఇంటి దగ్గరి బ్రాంచిలో నేనూ మా ఆవిడా కలిసి జాయింట్ చెకింగ్ అకౌంట్ (రోజువారీ ఖర్చులకు వాడే ఖాతా) తెరుద్దామని వెళ్లాం. పాస్‌పోర్టులు, లీజు కాగితం, జీతం స్లిప్పులు అన్నీ ఇచ్చాం. బ్యాంకర్ వివరాలన్నీ ఓపిగ్గా ఎక్కించాడు. ఆఖరి బటన్ నొక్కాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సారీ, సిస్టమ్ ఒప్పుకోవడం లేదు. కారణం నాకు కనిపించదు, మీకు ఉత్తరం వస్తుంది" అన్నాడు. నా క్రెడిట్ స్కోరు 780 దాటి ఉంది. కారు లోను ఒక్క నెల కూడా ఆలస్యంగా కట్టలేదు. అదే చెప్పాను. "అది వేరు సర్, ఇది వేరు" అన్నాడు.

నిజంగానే వేరు. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. క్రెడిట్ కార్డులు, లోన్ల చరిత్ర ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే క్రెడిట్ సంస్థల దగ్గర ఉంటుంది. చెకింగ్, సేవింగ్స్ ఖాతాల చరిత్రకు వేరే చిట్టా ఉంది. అందులో ముఖ్యమైనది చెక్స్ సిస్టమ్స్. ఎవరైనా ఖాతాను మైనస్‌లో వదిలేస్తే, చెల్లని చెక్కులు వేస్తే, మోసం జరిగిందని బ్యాంకుకు అనుమానం వస్తే ఆ బ్యాంకు అక్కడ నమోదు చేస్తుంది. ఆ నమోదు మామూలుగా 5 ఏళ్లు ఉంటుంది. కొత్త ఖాతాకు మీరు అప్లై చేయగానే చాలా బ్యాంకులు, క్రెడిట్ యూనియన్లు (మన సహకార బ్యాంకుల్లాంటివి) ముందు అక్కడే చూస్తాయి. దీనికి తోడు ఎర్లీ వార్నింగ్ సర్వీసెస్ అని ఇంకొకటి ఉంది. ఇలాంటి చిట్టానే ఉంచడానికి పెద్ద బ్యాంకులు కలిసి పెట్టుకున్న సంస్థ అది. ఒకరికొకరం డబ్బు పంపుకోవడానికి మనం రోజూ వాడే జెల్ (Zelle)ని నడిపేది కూడా అదే. ఒకచోట శుభ్రంగా ఉన్నా రెండోచోట మచ్చ ఉండొచ్చు, కాబట్టి రెండూ చూసుకోవాలి.

మా ఆవిడ డిపెండెంట్ వీసా హెచ్-4 మీద కొత్తగా వచ్చింది. ఆమె పేరు మీద ఇక్కడ ఏ ఖాతా లేదు, ఏ బాకీ లేదు. జాయింట్ అకౌంట్ అంటే ఇద్దరినీ చూస్తారు కాబట్టి నా వల్ల ఆమెదీ ఆగిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చేదాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఉత్తరం వచ్చింది. దాన్ని పారేయకండి. ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ అనే చట్టం ప్రకారం, రిపోర్టు చూసి కాదన్నప్పుడు ఆ రిపోర్టు ఏ సంస్థ ఇచ్చిందో, దాని అడ్రసు, ఫోను నంబరుతో సహా బ్యాంకు మనకు తెలియజేయాలి. ఆ నోటీసు అందిన 60 రోజుల్లోపు అడిగితే రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఎవరూ కాదనకపోయినా సరే, 12 నెలలకోసారి ఉచితంగా తీసుకునే హక్కు ఎలాగూ ఉంది. చెక్స్ సిస్టమ్స్ సొంత వెబ్‌సైట్‌లోనే అడగొచ్చు. దీనికి డబ్బు అడిగే సైటు ఏదైనా కనిపిస్తే వెంటనే మూసేయండి.

రిపోర్టు తెరిచి చూస్తే నాలుగేళ్లు వాడి, టెక్సాస్ వదిలి వచ్చేటప్పుడు మూసేసిన బ్యాంకు పేరు ఉంది. పక్కన "ఓవర్‌డ్రాఫ్ట్" (ఖాతాలో ఉన్నదానికన్నా ఎక్కువ డబ్బు పోయి మైనస్ కావడం) అని కారణం, కట్టలేదని స్టేటస్, నూట యాభైకి పైగా డాలర్ల బాకీ. ఆ ఖాతా నేను అర్వింగ్‌లో బ్రాంచికి వెళ్లి, బ్యాలెన్సు మొత్తం తీసుకుని, సంతకం పెట్టి మూసేసిన ఖాతా. కరెంటు కంపెనీకి చివరి బిల్లు కార్డుతో కట్టేసి, ఆటోపే తీసేశాను. కట్టినట్టు మెయిల్ కూడా ఉంది.

జరిగింది ఇదీ. కరెంటు కంపెనీ వాళ్ల సిస్టమ్ అదే బిల్లుకు పాత ఖాతా నుంచి ఇంకోసారి డబ్బు లాగబోయింది. ఖాతా మూసేసి ఉంది కాబట్టి బ్యాంకు దాన్ని తిప్పి పంపాలి. పంపలేదు. మూసేసిన ఖాతాని నన్ను అడగకుండా మళ్లీ తెరిచి ఆ డబ్బు చెల్లించింది. దాంతో ఖాతా మైనస్‌లోకి వెళ్లింది, దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజు పడింది. తర్వాత బ్యాలెన్సు తక్కువగా ఉందని నెలవారీ ఫీజు వేశారు. ఉత్తరాలన్నీ అర్వింగ్‌లోని పాత అపార్ట్‌మెంటుకు వెళ్లాయి. ఖాతా మూసేసినప్పుడే ఆన్‌లైన్ లాగిన్ పోయింది కాబట్టి ఈమెయిల్ ద్వారా కూడా నాకు ఏదీ రాలేదు. ఓవర్‌డ్రాఫ్ట్ మొదలైన 60 రోజుల్లోపు ఆ డబ్బును వసూలు కాని బాకీగా లెక్కల్లో రాసేయాలన్నది ఇక్కడి బ్యాంకులకు నియంత్రణ సంస్థలు ఇచ్చిన మార్గదర్శకం. అలా రాసేసి చెక్స్ సిస్టమ్స్‌కి పంపేశారు. రెండు నెలల్లో మనకు తెలియకుండా ఇంత పని జరిగిపోతుంది.

ఇక్కడ ఒక చిన్న మాట. "నేను ఓవర్‌డ్రాఫ్ట్ వద్దని టిక్ పెట్టాను కదా" అని చాలామంది ధీమాగా ఉంటారు. మన అనుమతి లేకుండా ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజు వేయకూడదని 2010 నుంచి అమల్లో ఉన్న ఆ నిబంధన ఏటీఎంకు, డెబిట్ కార్డుతో ఒక్కసారి చేసే కొనుగోళ్లకు మాత్రమే. ఆటోపే డెబిట్లకు, చెక్కులకు అది వర్తించదు. వాటి మీద ఫీజు వేయడానికి బ్యాంకు మన అనుమతి అడగక్కర్లేదు.

ఇది మా ఒక్కరికే వచ్చిన కష్టం అనుకున్నాను. కాదు. 2019 జనవరిలో సీఎఫ్‌పీబీ, అంటే వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ, యూఎస్ఏఏ అనే బ్యాంకు మీద చర్య తీసుకుంది. అందులోని ఆరోపణల్లో ఒకటి సరిగ్గా ఇదే: కస్టమర్లు మూసేసిన దాదాపు 17 వేల ఖాతాలను వాళ్లను అడగకుండా తిరిగి తెరిచారని. మిగతా ఆరోపణలతో కలిపి 35 లక్షల డాలర్ల జరిమానా పడింది. 2023 మేలో అదే సంస్థ, ఇలా తెరవడం చట్టవిరుద్ధం కావచ్చని అన్ని బ్యాంకులనూ హెచ్చరిస్తూ సర్క్యులర్ ఇచ్చింది. 2025 మేలో మాత్రం తన పాత మార్గదర్శకాలు డజన్లకొద్దీ వెనక్కి తీసుకుంది. కాబట్టి ఎవరో కాపాడతారని కూర్చోకుండా కాగితాలు మన చేతిలో ఉంచుకోవడమే మంచిది.

నన్ను కాపాడింది కాగితాలే. ఖాతా మూసిన రోజు బ్రాంచిలో ఇచ్చిన క్లోజింగ్ లెటర్, సున్నా బ్యాలెన్సు చూపించే చివరి స్టేట్‌మెంటు, కరెంటు బిల్లు కట్టిన రసీదు. వీటితో చెక్స్ సిస్టమ్స్‌లో డిస్ప్యూట్ (నమోదు తప్పని అభ్యంతరం) వేశాను, అదే రోజు ఆ బ్యాంకుకు కూడా విడిగా ఉత్తరం పంపాను. విచారణకు మామూలుగా 30 రోజుల గడువు ఉంటుంది. జవాబు వచ్చింది: "బ్యాంకు ఈ సమాచారం సరైనదేనని నిర్ధారించింది." అంతే, ఒక్క వాక్యం. నేను పంపిన కాగితాలు ఎవరైనా చదివారన్న ఆనవాలు కూడా అందులో లేదు. ఆ వాక్యం చదివినప్పుడు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఇక్కడే చాలామంది వదిలేసి, పోనీలే ఆ నూట యాభై పారేద్దాం అని కట్టేస్తారు.

దయచేసి తొందరపడి కట్టకండి. మీది కాని బాకీ కడితే రికార్డు పోదు. "కట్టలేదు" అన్నచోట "కట్టారు" అని మారుతుంది తప్ప నమోదు అలాగే ఉండొచ్చు, కొత్త బ్యాంకు మళ్లీ కాదనొచ్చు. నేను సీఎఫ్‌పీబీ సైట్‌లో ఫిర్యాదు పెట్టాను. కథలేమీ రాయలేదు. తేదీలు వరుసగా రాసి, ఖాతా మూసిన తేదీకి, డెబిట్ పడిన తేదీకి మధ్య తేడా చూపించి, కాగితాలు జతచేశాను. అప్పుడు గానీ బ్యాంకులో ఆలోచించే మనిషి ఎవరూ మాతో మాట్లాడలేదు. వాళ్ల ఎగ్జిక్యూటివ్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఫీజులన్నీ కొట్టేశారు, నమోదు తీసేయమని చెక్స్ సిస్టమ్స్‌కి పంపారు, ఆ మాట ఉత్తరంలో కూడా ఇచ్చారు. ఆ ఉత్తరం చూశాకే మాకు టెన్షన్ తగ్గింది. కొన్నాళ్లాగి రిపోర్టు మళ్లీ తెప్పించి, నమోదు పోయిందని చూసుకున్నాకే జాయింట్ అకౌంట్‌కు అప్లై చేశాం.

బాకీ నిజంగా మీదే అయితే దారి వేరు. కట్టేయండి, కట్టినట్టు ఉత్తరం తీసుకోండి, నమోదు తొలగించమని బ్యాంకును మర్యాదగా అడగండి. తొలగించాలన్న బలవంతం వాళ్ల మీద లేదు, కానీ అడిగితే ఒప్పుకునేవాళ్లున్నారు. కనీసం "కట్టారు" అని మార్చడం మాత్రం వాళ్ల బాధ్యత. "చెక్స్ సిస్టమ్స్ క్లియర్ చేసిపెడతాం, ముందు 300 డాలర్లు పంపండి" అని వాట్సాప్ గ్రూపుల్లో వచ్చేవాళ్లను నమ్మకండి. పని పూర్తి కాకముందే ఇలాంటి సేవకు డబ్బు తీసుకోవడాన్ని 1996 నాటి చట్టమే నిషేధించింది.

విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పాలి. ఇండియాలో సేవింగ్స్ ఖాతా ఖాళీగా వదిలేస్తే, మినిమమ్ బ్యాలెన్సు ఛార్జీల వల్ల అది మైనస్‌లోకి వెళ్లకూడదని రిజర్వ్ బ్యాంకు 2014లోనే చెప్పింది, 2015 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉంది. ఆ అలవాటుతో మనవాళ్లు ఇక్కడ కూడా ఖాతాలో ఇరవై డాలర్లు ఉంచి వదిలేస్తారు. ఇక్కడ అలా కుదరదు. చదువు అయిపోయాక లేదా కొంత వయసు దాటాక స్టూడెంట్ అకౌంట్ మామూలు అకౌంట్‌గా మారిపోతుంది, నెలనెలా పదీ పన్నెండు డాలర్ల ఫీజు మొదలవుతుంది. ఇరవై డాలర్లు రెండు నెలల్లో అయిపోతాయి. మూడో నెల మైనస్. మీరు అప్పటికి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటారు. మూడేళ్ల తర్వాత హెచ్1బీ మీద తిరిగి వస్తే జీతం వేయించుకోవడానికి ఖాతా దొరకదు.

ఇంతకంటే ప్రమాదం ఇంకొకటి ఉంది. "నీకు డాలర్లు ఇస్తాను, మీ నాన్నగారితో మా ఇంట్లో రూపాయలు ఇప్పించు" అని రేటు కొంచెం ఎక్కువ ఆశ చూపి పిల్లల్ని అడిగేవాళ్లున్నారు. క్యాషియర్స్ చెక్ (బ్యాంకే పూచీపడి ఇచ్చే చెక్కు) అని ఒకటి ఇస్తారు. మర్నాడే డబ్బు ఖాతాలో కనిపిస్తుంది. అక్కడ నాన్నగారు రూపాయలు ఇచ్చేస్తారు. వారం పది రోజుల తర్వాత చెక్కు దొంగదని తేలి, బ్యాంకు మొత్తం వెనక్కి లాగేస్తుంది. డబ్బు పోవడం ఒక ఎత్తు. ఖాతా మూసేసి "మోసం అనుమానం" అని నమోదు చేయడం ఇంకో ఎత్తు. ఓవర్‌డ్రాఫ్ట్‌ని చూసీచూడనట్టు వదిలేసే బ్యాంకులు కూడా ఆ మాట చూస్తే ఒప్పుకోవు. ముక్కూమొహం తెలియని మనిషి జెల్‌లో డబ్బు వేసి "ఇంకొకరికి పంపించు" అన్నా అదే గతి. ఇక్కడికి పిల్లల్ని పంపిన తల్లిదండ్రులు కూడా ఈ మాట వాళ్లకు గట్టిగా చెప్పండి.

ఖాతా మూసేటప్పుడు ఇలా చేయండి. ముందు ఆటోపేలన్నీ కొత్త ఖాతాకు మార్చి, ఒక బిల్లు నెల పూర్తిగా గడిచేదాకా పాతదాన్ని కాస్త డబ్బుతో తెరిచే ఉంచండి. తర్వాతే మూయండి. "ఫలానా తేదీన కస్టమర్ కోరిక మీద మూసేశాం, బ్యాలెన్సు సున్నా" అని బ్యాంకు లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. ఇక మీదట వచ్చే డెబిట్లన్నీ తిప్పి పంపమని రాతపూర్వకంగా ఇవ్వండి. కొత్త అడ్రసు వాళ్ల రికార్డులో ఎక్కించండి, పోస్టాఫీసులో అడ్రసు మార్పు కూడా పెట్టండి. స్టేట్‌మెంట్లు లాగిన్ పోకముందే దించుకోండి. రిపోర్టు తెప్పించుకున్నప్పుడు బాకీలతో పాటు మీ పేరు, పాత అడ్రసులు కూడా సరిచూడండి. మన ఇంటిపేర్లు ముందూ వెనకా తారుమారై ఎక్కుతుంటాయి, ఇంకొకరి వివరాలు కలిసిపోయే అవకాశం ఉంది.

ఇప్పటికే ఎక్కడైనా కాదన్నారంటే వరసబెట్టి ఇంకో నాలుగు బ్యాంకుల్లో అప్లై చేయకండి, ఆ ఎంక్వైరీలూ రిపోర్టులో కనిపిస్తాయి. ముందు రిపోర్టు చూడండి. తప్పు సరిచేసుకునేలోగా ఖాతా తప్పనిసరి అయితే "బ్యాంక్ ఆన్" సర్టిఫికేషన్ (తక్కువ ఖర్చు ఖాతాలకు ఇచ్చే గుర్తింపు) ఉన్న ఖాతాలు చూడండి. వాటిలో ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజు ఉండదు, 25 డాలర్లు లేదా అంతకన్నా తక్కువతో తెరవొచ్చు, పాత ఓవర్‌డ్రాఫ్ట్ మచ్చ ఉన్నవాళ్లకు కూడా చాలాచోట్ల ఇస్తారు. కొన్ని క్రెడిట్ యూనియన్లలో ఇలా మచ్చ ఉన్నవాళ్ల కోసమే "సెకండ్ ఛాన్స్" ఖాతాలు కూడా ఉంటాయి. బ్రాంచిలో ఆ పేరు పెట్టే అడగండి, అడగకపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరు.